బూసీ నడచిన బాట

కల్వకుర్తి నుండి పడమరగా జడ్చర్లకు పోయినట్లయితే హైదరాబాదు–కర్నూలు రహదారి తగులుతుంది. పగలనక రాత్రనక లారీలు పరుగెత్తే ఆ దారి పక్కన నిలిచి, 1751వ సంవత్సరపు వేసవి మొదట ఇంచుమించు ఆ దిక్కుగానే ఉత్తరమునకు సాగిన ఒక దండును శ్రోతలు ఊహించుకొనవలెనని మా కోరిక. ఆ దండులో దక్కనుకు కొత్త నవాబు ఒకడున్నాడు. ఆయనను నవాబును చేసిన పరాసు సేనాని బూసీ కూడ ఉన్నాడు.

కథకు మూలము ఇంటి తగాదా. మొదటి అసఫ్‌జా 1748లో మరణించగానే కుమారుడు నాసిర్‌జంగుకును, కూతురి కొడుకు ముజఫర్‌జంగుకును వారసత్వపు పోరు మొదలైనది. పుదుచ్చేరి గవర్నరు డూప్లే మనుమని పక్షము వహించినాడు. 1750 డిసెంబరులో సెంజి దగ్గర నాసిర్‌జంగు తన వెంట వచ్చిన పఠాను నవాబుల కుట్రకే బలియైనాడు. మరుసటి నెలలో ముజఫర్‌జంగు పుదుచ్చేరి విడిచి బయలుదేరినాడు. ఆయనకు తోడు బూసీ, 300 మంది ఐరోపా సైనికులు, 2000 మంది దేశీయ సిపాయిలు.

ఈ బాటలో మొదట ఆగవలసిన తావు రాయచోటి దగ్గరి లక్కిరెడ్డిపల్లె. పంపకములు నచ్చని ఆ నవాబులే అక్కడ తిరుగబడినారు. ఫిరంగుల ముందు వారు నిలువలేకపోయినారు. అంతటితో ఊరకున్న బాగుండెడిది. ముజఫర్‌జంగు పారిపోవువారిని తరిమి, కర్నూలు నవాబు ఈటెపోటుకు ప్రాణము విడిచినాడు. కర్నూలు నవాబూ అక్కడే మడిసినాడు. బూసీ ఆలస్యము చేయలేదు. దండు వెంట బందీగా వచ్చుచున్న నాసిర్‌జంగు తమ్ముడు సలాబత్‌జంగును వెలుపలికి రప్పించి, ఇతడే ప్రభువని చాటించినాడు. దక్కను ఆరు సుబాల ఏలుబడి ఒక విడిదిలో చేతులు మారినది. మన ఊళ్ళలో పొలము గట్టు తగాదా తీరుటకైనను ఇంతకంటె ఎక్కువ కాలము పట్టును.

తరువాత కర్నూలు. చచ్చిన నవాబు మీది పగ బ్రతికియున్న పట్టణము మీద తీరినది. కోటను బద్దలుకొట్టి చొరబడి, కావలివారిని నరికి, నవాబు ఆలుబిడ్డలను చెరపట్టినారు. కొండారెడ్డి బురుజు చూడవచ్చినవారు విజయనగరపు సంగతులు చెప్పుకొందురు గాని, ఈ ఘోరమును తలచుకొనువారు అరుదు.

తుంగభద్ర దాటినచో అలంపురము, చాళుక్యుల నవబ్రహ్మాలయములు; ఆపైన కృష్ణ. కృష్ణకును హైదరాబాదుకును నడుమ పీష్వా బాలాజీ బాజీరావు దండు కాచుకొని యున్నది. పోరు మాత్రము జరుగలేదు. సొమ్ము ఒప్పందము చేసికొని, సతారాలో తారాబాయి లేపిన కలత చక్కబెట్టుకొనుటకు పీష్వా మరలినాడు. ఈ మెట్ట సీమకు ఒక యుద్ధము తప్పినది. ఆ సొమ్ము చివరకు ఎవరి గాదెలలో నుండి రావలెనో చెప్పనక్కరలేదు. ఏప్రిలులో దండు హైదరాబాదు చేరినది, జూనులో ఔరంగాబాదు.

బూసీ వెంట నడచినవారిలో తెల్లవారు గుప్పెడు, మనవారు వేలు. ఈ మాట చరిత్ర పుస్తకములలో ఒక మూల పడియుండును. ఐరోపా కవాతు నేర్చిన సిపాయిని ఉత్తరాదివారు చాలకాలము ‘తిలంగా’ అనే పిలిచినారు. తొలుత అట్టివారు తెలుగు నేల నుండి వచ్చుటయే అందుకు కారణము. గెలుపు ఎవరిదైనను కాళ్ళు మనవి.

సాయమునకు ప్రతిఫలముగా ఉత్తర సర్కారులు 1753లో పరాసులకు దక్కినవి. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు మ్రోగిన ఫిరంగులు ఈ బూసీవే. మరుసటి ఏడు లాలీ పిలుపు మీద ఆయన దక్షిణమునకు పోయినాడు; 1759లో మచిలీపట్నము ఇంగ్లీషువారి పాలైనది. అక్కడ పరాసుపేట అను పేరు మిగిలినది. బందిఖానా నుండి గద్దెకు వచ్చిన సలాబత్‌జంగును తమ్ముడు నిజాం అలీ దించినాడు. 1763లో బీదరు కోటలో, మరల బందీగానే, ఆయన కన్నుమూసినాడు.