ఆ యుద్ధం మన జిల్లాకొచ్చిందా సార్?

పదో తరగతికి ప్రచ్ఛన్నయుద్ధం పాఠం చెబుతుండగా వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, “ఆ యుద్ధం మన జిల్లాకొచ్చిందా సార్?” అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చోమన్నాను. నవ్వకుండా ఉండాల్సింది.

పుస్తకంలోది మీకు గుర్తుండే ఉంటుంది. కలిసి హిట్లర్‌ను ఓడించిన అమెరికా, సోవియట్ యూనియన్‌లు 1945 తర్వాత ఒకరినొకరు నమ్మలేదు. తూర్పు యూరప్‌లో ఎర్రసైన్యం తిష్ఠవేసింది. 1947 మార్చిలో ట్రూమన్ కమ్యూనిజాన్ని అడ్డుకుంటామన్నాడు. మరుసటేడు బెర్లిన్ దారులు మూసుకుపోయాయి. పరీక్షకు అంతవరకు చాలు.

మన సీమలో ఆ చీలిక 1952 ఎన్నికల్లోనే కనబడింది. అనంతపురంలో కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డిగారిని ఓడించింది కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డిగారు. స్వయానా బావమరిది! లోకం రెండుగా చీలిందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం కూలిపోయి, 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలొచ్చాయి. ఈసారి కమ్యూనిస్టులే గెలుస్తారేమోనని కాంగ్రెస్‌కు బెంగ. ఇక్కడే అసలు విచిత్రం జరిగింది. 1954లో అమెరికా పాకిస్తాన్‌తో ఆయుధ సహాయ ఒప్పందం చేసుకోవడంతో, మాస్కోకు నెహ్రూతో అవసరం పెరిగింది. సరిగ్గా ఎన్నికల ముందు, జనవరిలో, సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లకు ఇంకేం కావాలి? దాన్నే ప్రచారానికి వాడుకున్నారు. నెహ్రూను విమర్శిస్తూ ఓట్లడుగుతున్న మన కామ్రేడ్లు ఏం జవాబు చెప్పగలరు? ఆ ఫిబ్రవరిలోనే భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్ ఒప్పందమూ కుదిరింది.

196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15. ఓట్లు మాత్రం నూటికి 31 దాకా వచ్చాయి. ప్రావ్దా ఒక్కటే ఓడించిందనను. రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కాంగ్రెస్‌తో కలవడంతో ఎదుటి ఓటు చీలలేదు, అదే పెద్ద కారణం. కానీ తమ వాళ్లనుకున్న మాస్కో వాళ్లు తమ లెక్క తాము చూసుకున్నారన్నది ఇక్కడి కార్యకర్తకు మింగుడుపడని సంగతే.

అనంతపురంలో ఓడిన సంజీవరెడ్డిగారు ఈసారి మన శ్రీకాళహస్తి నుంచి గెలిచారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో. ఈ సంచిక చేతికందితే నా జవాబు ఇది: వచ్చింది నాయనా, కాళహస్తి దాకా వచ్చింది.