బిళ్ళగన్నేరు – మధుమేహ పరీక్ష

మన పెరళ్ళలోను, దేవాలయ ప్రాంగణములలోను నీరుపోయువారు లేకున్నను ఏడాది పొడవునా పూయు బిళ్ళగన్నేరును ఎఱుగనివారుండరు. నిత్యకల్యాణి యను పేరు దానికి తగియే యున్నది. అయినను ఇది మన దేశమున పుట్టినది కాదు. దీని పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమునకు తూర్పుననున్న మడగాస్కరు ద్వీపము. మధుమేహమును అంత శ్రద్ధతో వర్ణించిన సుశ్రుతునకు ఈ మొక్కతో పరిచయము లేకపోవుట అందుచేతనే. ఓడలపై దేశదేశములకు వ్యాపించి, పోయినచోటనెల్ల ఏదో యొక రోగమునకు మందని పేరు పొందినది. జమైకా ద్వీపమున దీని ఆకుల కషాయము మధుమేహమునకు గృహవైద్యము. మన పల్లెలలోను ప్రొద్దుననే పరగడుపున ఈ ఆకులు నమలువారు కలరు.

ఈ నమ్మకమును తూచి చూచిన కథ కెనడా దేశమునకు చెందినది. 1921 లో టొరంటో నగరమున బాంటింగు ఇన్సులిను కొఱకు పరిశోధన ఆరంభించినపుడు, ఆయనకు సహాయకులుగా ఇద్దఱు విద్యార్థులు ఏర్పడిరి. మొదట ఎవరు పనిచేయవలెనని నాణెమెగురవేయగా బెస్టు నెగ్గెననియు, క్లార్కు నోబెలు ఓడెననియు చెప్పుదురు. (బహుమానములకు ప్రసిద్ధి కెక్కిన నోబెలు వేఱు, ఈయన వేఱు.) బెస్టు పేరు లోకమంతట మాఱుమ్రోగెను, క్లార్కు వైద్యవృత్తి చేసికొనుచు మఱుగున నుండిపోయెను.

1952 లో ఆ క్లార్కు నోబెలునకు జమైకా నుండి ఒక లకోటా వచ్చెను. అందులో నున్నవి బిళ్ళగన్నేరు ఆకులు, 25. పంపినవాడు అచ్చటి వైద్యుడు జాన్‌స్టను. క్లార్కు వానిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయమున పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్టునకు అందజేసెను.

రాబర్టు నోబెలు బృందము ఆకుల కషాయమును ఎలుకలచే త్రాగించెను. రక్తములోని చక్కెరలో చెప్పుకొనదగిన మార్పు లేదు. పిమ్మట ఆ సారమును సూదితో రక్తనాళములోని కెక్కించిరి. చక్కెర తగ్గుట మాట అటుండగా, ఎలుకలు వారము తిరుగకుండ చీముగడ్డలు లేచి చచ్చెను. మఱియొకడైనచో ఆ పద్దు కొట్టివేసి చేతులు దులుపుకొనెడివాడే. రాబర్టు మాత్రము అవి యేల చచ్చెనని వెదకెను. రోగక్రిములనెదిరించు తెల్లకణములు తగ్గిపోయియుండెను. అవి పుట్టు ఎముకల మూలుగయే క్షీణించియుండెను. తెల్లకణములు వికృతముగా పెరుగుటయే గదా లుకేమియా యను రక్తపు పుట్ట! చక్కెరకై వెదకినవారికి కాన్సరు మందు తారసిల్లినది.

1954 లో చేరిన రసాయనజ్ఞుడు చార్లెసు బీరు ఆ ద్రవ్యమును శుద్ధిచేసెను. 1958 లో న్యూయార్కు నగరపు విద్వత్సభలో దానిని ప్రకటించిరి. అదియే విన్‌బ్లాస్టిను. అమెరికాలో ఇలై లిల్లీ సంస్థవారును మధుమేహపు ఖ్యాతిని బట్టియే ఈ మొక్కను పరీక్షకు గైకొనిరి. అచ్చట స్వొబోడా బృందము లుకేమియా గల ఎలుకలపై దాని ప్రభావమును గుర్తించెను. దీనికి తోబుట్టువైన విన్‌క్రిస్టినునకు 1963 లో ఆ దేశమున అనుమతి లభించెను. అంతకు ముందు లుకేమియా వచ్చిన పసివారు సాధారణముగా కొలది నెలలకంటె బ్రతికెడివారు కారు. నేడు, అన్ని వసతులు గల ఆసుపత్రులలో, విన్‌క్రిస్టినును ఇతర ఔషధములతో కలిపి వాడుటవలన ఆ రోగమందు మిక్కిలి సాధారణమైన రకము గల బాలురలో నూటికి 90 మంది వఱకు బ్రతుకుచున్నారు.

ఇక చక్కెర మాట. తరువాతి కాలమున జంతువులపై జరిగిన కొన్ని ప్రయోగములలో ఈ ఆకుల సారము చక్కెరను కొంత తగ్గించినట్లు కనబడినది. కాని మనుష్యులలో ఇన్సులినునకు బదులుగా ఇది నిలుచునని ఏ గట్టి పరీక్షయు తేల్చలేదు. ఒక గ్రాము విన్‌బ్లాస్టినునకు కొన్నివందల కిలోల ఎండుటాకు కావలెను. దానిని వైద్యులు మిల్లీగ్రాముల లెక్కన, రక్తమును మాటిమాటికి పరీక్షించుచు, సూదితో నిత్తురు. ఆకు నమలువానికి ఈ లెక్క యేదియు లేదు. బాల్యముననే మధుమేహము వచ్చి ఇన్సులినుపై బ్రతుకువారు ఆకును నమ్మి సూదిని మానినచో కొన్ని దినములలోనే ప్రాణాపాయము.

రాబర్టు నోబెలు 1990 లో గతించెను. 1997 లో ఆయనకును బీరునకును కెనడా వైద్యప్రముఖుల వరుసలో స్థానమిచ్చిరి.