కొయ్యలో దాగిన సంవత్సరం

వలస వచ్చి స్థిరపడిన మన చేనేత కుటుంబాలకు చరిత్ర అంటే ఎక్కువగా నోటిమాటే. షోలాపూర్‌లోనైనా, సేలంలోనైనా, బరంపురంలోనైనా "మీవాళ్ళు ఎప్పుడొచ్చారండీ?" అని అడిగితే "మా ముత్తాతల నాడు", "ఏడు తరాల కింద" అంటాం. కాగితం చూపించగలిగేవాళ్ళు తక్కువ. కానీ కొందరి ఇళ్ళల్లో పాత మగ్గం కొయ్యలు, గుళ్ళల్లో పాత ద్వారబంధాలు ఇంకా ఉన్నాయి. ఆ కొయ్య తన కాలం తాను చెప్పగలదా? చెప్పగలదు. అయితే ఏది చెప్తుందో, ఏది చెప్పదో మనం తెలుసుకోవాలి.

మొదటి దారి చెట్టు వలయాలు. వాన బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా వస్తుంది. ఒకే ప్రాంతపు చెట్లన్నిట్లో ఈ వరస దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి బతికున్న చెట్టు లోపలి వలయాలను పాత దూలం పైవలయాలతో సరిచూస్తూ వెనక్కి పోవచ్చు. రెండు చీరల అంచులు పక్కపక్కన పెట్టి డిజైను ఎక్కడ కలుస్తుందో చూసినట్టే. అమెరికాలో డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ పని మొదలుపెట్టాడు. 1929లో అరిజోనాలో దొరికిన కాలిన దూలం ఒకటి ఆయన వరసలో ఉన్న ఖాళీని పూడ్చింది. దాంతో అక్కడి ఆదివాసుల పాత కట్టడాలకు సరైన సంవత్సరాలు తెలిశాయి.

రెండో దారి రేడియో కార్బన్. చెట్టు గాలి నుంచి కార్బన్ తీసుకుంటుంది. అందులో రేడియోధార్మికమైన కార్బన్-14 చాలా కొద్దిగా ఉంటుంది. కట్టిన వలయంలోకి కొత్త కార్బన్ చేరదు, ఉన్న కార్బన్-14 సుమారు 5,730 ఏళ్ళకు సగమవుతుంది. మిగిలింది కొలిస్తే వయసు తేలుతుంది. ఈ పద్ధతిని 1940ల చివర రూపొందించిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే గాలిలో కార్బన్-14 అన్ని ఏళ్ళూ ఒకే మోతాదులో ఉండదు. ఆ తేడాలను సరిదిద్దడానికి లెక్క తెలిసిన చెట్టు వలయాలే ఆధారం. పడుగూ పేకా లాగా ఈ రెండూ కలిస్తేనే పని.

ఆ కలయికకు మంచి ఉదాహరణ కెనడాలోని న్యూఫౌండ్లాండ్ దీవి. కొలంబస్ కంటే చాలా ముందే నార్స్ జాతివాళ్ళు సముద్రం దాటి పడమటి నేలకు వెళ్ళారని ఐస్‌లాండ్ గాథలు చెప్తాయి. అవీ తరాలపాటు నోటిమాటగా నడిచి, తర్వాత రాతకెక్కినవే. 1960లలో లాన్స్ ఓ మెడోస్ అనే చోట తవ్వితే వాళ్ళ ఇళ్ళ పునాదులు బయటపడ్డాయి. నూలు వడికే కదురుకు తొడిగే చిన్న రాతి బిళ్ళ కూడా దొరికింది. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారని పరిశోధకులు దాన్నిబట్టే గ్రహించారు. కాని ఏ సంవత్సరంలో వచ్చారు? క్రీ.శ. 993లో ప్రపంచమంతటా చెట్ల వలయాల్లో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది. అక్కడ ఇనుప పనిముట్లతో నరికిన మూడు కొయ్యల్లో ఆ వలయాన్ని గుర్తించి, అక్కడి నుంచి బెరడు దాకా లెక్కపెడితే 28 వలయాలు. అంటే చెట్లు నరికింది 1021లో. ఈ ఫలితం 2021లో వెలువడింది. ఎవరు వచ్చారో గాథ చెప్పింది, ఎప్పుడు నరికారో కొయ్య చెప్పింది.

ఇక మన కొయ్యల సంగతి. కార్బన్ చెప్పేది ఆ వలయం పెరిగిన కాలం, మగ్గం చేసిన కాలం కాదు. ముదురు టేకు నడిమి ముక్క పరీక్షకిస్తే నూరేళ్ళు ఎక్కువ చూపించవచ్చు. పాత ఇంటి దూలం చెక్కి మగ్గం చేసి ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. పైగా సుమారు 1650 నుంచి 1950 వరకు కార్బన్ లెక్క తికమకగా ఉంటుంది, ఒక్క ముక్క పరీక్షతో ఏ శతాబ్దమో కూడా తేలకపోవచ్చు. మన కుటుంబాల వలసలు చాలావరకు ఆ కాలంలోనివే కదా!

అందుకే వలయాల మీద ఆశ పెట్టుకోవాలి. మన వేడి ప్రాంతపు చెట్లలో చాలావాటికి వలయాలు స్పష్టంగా ఉండవు, టేకుకు మాత్రం ఉంటాయి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కేరళ టేకు చెట్లతో 1481 నుంచి 2003 దాకా వరస కట్టారు. వానల చరిత్ర కోసం చేసిన పని అది. మన ప్రాంతపు టేకు దానితో కలుస్తుందో లేదో చూస్తేగాని తెలియదు. చూడాలంటే ముందు కొయ్య ఉండాలి.

కాబట్టి మా విన్నపం ఒక్కటే. పాత మగ్గం, బట్ట చుట్టే దోనె, గుడి తలుపు తీసేసేటప్పుడు కట్టెల కింద అమ్మేయకండి. చిత్రిక పట్టించి రంగు వేయకండి. ముఖ్యంగా బెరడు అంచు ఉన్న ముక్కను చెక్కనివ్వకండి, చెట్టు నరికిన ఏడు దాగేది అక్కడే. పొడిచోట పెట్టి, అది ఎక్కడిదో, ఎవరు వాడారో, పెద్దలు ఏం చెప్పారో ఒక కాగితం మీద రాసి ఉంచండి. కొయ్య సంవత్సరం చెప్పవచ్చుగాని మన తాతల పేర్లు చెప్పలేదు. అవి మనమే రాయాలి.