రొమ్ము పునర్నిర్మాణ శస్త్రచికిత్సలో ద్రవాల మోతాదు

క్యాన్సర్ కారణంగా రొమ్మును తొలగించిన స్త్రీలకు, వారి పొత్తికడుపు నుంచే చర్మాన్ని, కొవ్వును రక్తనాళాలతో సహా తీసి కొత్త రొమ్మును రూపొందించే శస్త్రచికిత్సను డీఐఈపీ ఫ్లాప్ అంటారు. కొద్ది మిల్లీమీటర్ల వ్యాసం గల ఆ నాళాలను మైక్రోస్కోపు సాయంతో ఛాతీలోని నాళాలకు కలుపుతారు. అమర్చిన కణజాలం మనుగడ ఈ అతుకుల గుండా సాగే రక్తప్రసరణపైనే ఆధారపడుతుంది. అందుకే గంటల తరబడి సాగే ఈ ఆపరేషన్‌లో సిర ద్వారా ఎక్కించే ద్రవాల మోతాదు కీలకం.

ద్రవాలు తక్కువైతే రక్తపోటు పడిపోయి కణజాలానికి రక్తం చాలదు. ఎక్కువైతే కణజాలం వాస్తుంది. శోషరస నాళాలు తెగి ఉన్నందున అక్కడ చేరిన నీరు త్వరగా తగ్గదు. ఊపిరితిత్తుల్లోనూ నీరు చేరవచ్చు. రక్తపోటు, నాడి, రక్తస్రావం, మూత్ర పరిమాణాలను గమనిస్తూ మత్తు వైద్యులు మోతాదును నిర్ణయిస్తారు.

రక్తనాళాలను సంకోచింపజేసే మందులు అతుకులకు హాని చేస్తాయన్న భయం వైద్యుల్లో చాలాకాలం ఉండేది. ఈరాస్ సొసైటీ 2017లో వెలువరించిన మార్గదర్శకాలు ఆ భయాన్ని సమర్థించలేదు. ద్రవాలు అతిగా గానీ, చాలీచాలకుండా గానీ ఇవ్వరాదని, సాధారణ సెలైన్ కంటే లవణాలు సమతుల్యంగా ఉన్న ద్రావణాలు మేలని, అవసరమైతే రక్తపోటును నిలిపే మందులు వాడవచ్చని అవి సూచించాయి.

ఆపరేషన్ అనంతరం తొలి మూడు రోజులూ కణజాలం రంగును, వెచ్చదనాన్ని తరచూ పరీక్షిస్తారు. రోగి నోటితో తాగగలిగిన వెంటనే సిర ద్వారా ఇచ్చే ద్రవాలను తగ్గిస్తారు.