అరచేతిలో సరస్వతి, ఒళ్లో మార్కాపురం పలక

పొద్దున్న ఆరింటికి బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు ‘సరస్వతి’ అని రాసేవాడు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవాడు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చేవాళ్లకు తలా ఒకటి చొప్పున పెరుగుతూ పోయేవి. బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1823 ఆగస్టులో మద్రాసుకు పంపిన నివేదికలో ఉన్న సంగతి ఇది. తొందరగా పైకి రావాలంటే తెల్లవారుజామునే లేవాలని నేటి విజయసూత్రాల పుస్తకాలు అధ్యాయాలకు అధ్యాయాలు రాస్తాయి. వీధిబడి పంతులు ఆ పాఠాన్ని ఒక్క అరచేతిలో ముగించాడు.

కంభం, మార్కాపురం తాలూకాలు కూడా బళ్లారిలాగే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లోవే. మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలుకు మారి, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు వచ్చింది. కాబట్టి ఈ పడమటి పల్లెల్లో రెండు వందల ఏళ్ల కిందటి చదువు ఎలా సాగిందో ఊహించడానికి క్యాంబెల్ కాగితాలు మంచి ఆధారం. ఆయనేమీ తెలుగు రాని దొర కాదు. ఈ నివేదికకు ముందే తెలుగు వ్యాకరణం అచ్చు వేయించినవాడు. ఆయన లెక్కలో బళ్లారి జిల్లాలో 533 బడులు. వాటిలో తెలుగువి 226.

చదువు బియ్యంతో మొదలయ్యేది. అయిదో ఏట పళ్లెంలో పరిచిన బియ్యం మీద పిల్లవాడి వేలు పట్టి దేవుడి పేరు దిద్దించేవారు. తర్వాత బడిలో ఇసుక మీద దిద్దుడు. చేయి కుదిరాక తాటాకు, గంటం. వీటితోపాటు పలక పని చేసే సరుకులు రెండుండేవి. ఒకటి అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్క. దానికి అన్నం, బొగ్గుపొడి కలిపి పూసేవారు. రెండోది గంజి పెట్టిన గుడ్డను పుస్తకంలా మడిచి, బొగ్గు, జిగురు పట్టించిన కడితం. రాసేది సుద్దను పోలిన, సుద్దకంటే గట్టిదైన బలపంతో. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ నల్లగా, కొత్తగా తయారు. రాతిపలక రాకముందే పలక అలవాటు ఇక్కడ ఉందన్నమాట.

క్యాంబెల్‌ను బాగా ఆకట్టుకున్నది మరో పద్ధతి. ముందు నేర్చిన పిల్లలు వెనకవాళ్లకు నేర్పేవారు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని ఆయన మెచ్చుకున్నాడు. ఆ అనుకరణ కథ మద్రాసులోనే మొదలైంది. ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమం చూసుకున్న ఆండ్రూ బెల్, దేశీ బడిలో పిల్లలు ఇసుక మీద రాయడం చూసి ఆ పద్ధతిని తన బడికి తెచ్చాడు. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడి సదర్క్ పేటలో వందల మంది పేదపిల్లలకు బడి నడిపిన జోసెఫ్ లాంకస్టర్ దానికి రాతిపలకను జత చేశాడు. కాగితం కొనలేని బడికి ఇంతకంటే చవకైన దారి లేదు. ఒక కుర్రవాడు మాట పలుకుతాడు, వరుసంతా పలకల మీద రాస్తుంది, ‘చూపించండి’ అనగానే పలకలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. దక్షిణాది వీధిబడి పద్ధతి అలా సముద్రం దాటింది. సర్కారు బడులతో పాటు రాతిపలక ఇటు వచ్చింది.

ఇక ఆ రాయి సంగతి. నల్లమలకు తూర్పున, కంభం–మార్కాపురం నేల కింద వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురద పొరలు ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయ్యాయి. 1872లో ఈ కడప–కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ నాటి నుంచీ వీటికి కంభం పేరే స్థిరపడింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ మీదుగా గుంటూరు వైపు రైలు నడిచింది. వానను నమ్ముకోలేని మెట్టసీమకు ఆ రైలు, ఈ రాయి కలిసి సేద్యం కాని మరో బతుకుదెరువు చూపించాయి. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగునాట పలక అంటే మార్కాపురం పలకే.

పలకరాయిలో ఉన్న గుణం చీలిక. దిమ్మను సరైన పొర చూసి సన్నటి ఉలి ఆనించి సుత్తితో తడితే రెండు రేకులుగా విడిపోతుంది. పొర తప్పితే ముక్కలవుతుంది. గని నుంచి తీసిన కొత్తలో, లోపలి చెమ్మ ఆరకముందు చీల్చడం సులువు. ఆరిపోతే రాయి మొండికేస్తుంది. రేకులను కొలతకు కోసి, అరగదీసి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. దెబ్బ ఎక్కడ పడాలో చేతికి తెలియడానికి ఏళ్లు పడుతుంది. పలక తయారీకీ, దాని మీద సాగే చదువుకూ పోలిక ఇక్కడే కనిపిస్తుంది. రెండింటా మొదటిసారికే కుదిరేది లేదు. తేడా ఒకటే. రాయి విరిగితే సరుకు పోయినట్టే, అక్షరం వంకరపోతే తుడిచేయవచ్చు.

తుడిచేయవచ్చన్న ఆ వెసులుబాటును తక్కువగా చూడకూడదు. కాగితం కొనాల్సిన ఇంట్లో ప్రతి తప్పుకూ ఖర్చుంది, పలక మీద లేదు. ఉమ్మి రాసి, చొక్కా అంచుతో తుడిచి, పదోసారి ‘అ’ దిద్దిన పిల్లవాడికి తొమ్మిది తప్పుల జాడ కనపడదు. పైగా పలక ఇరుకు. రాసింది తుడిస్తేగాని ముందుకు పోలేడు, తుడిచాక గుర్తున్నదే మిగులుతుంది. ‘చూడకుండా రాయి’, ‘ఎక్కాలు అప్పజెప్పు’ అని పంతులు అనేది అందుకే. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించి చూశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, చదివి చూడకుండా రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థులను గమనించి, తప్పు దిద్దుకుంటూ చేసే సాధనే పైకి తెస్తుందని వాదించింది. తెలుగులో దిద్దడం అంటే అదే కదా. ఈ పరిశోధనల పేర్లు చెప్పి వేలకు వేలు ఫీజు పుచ్చుకునే శిక్షణ తరగతుల్లో చెప్పేది, పంతులు బెత్తం పట్టుకుని చేయించినదానికంటే పెద్దగా ఎక్కువేం కాదు.

అలాగని ఆ బడిని బంగారం చేయనక్కర్లేదు. అర్థం తెలియని పద్యాలను పిల్లలు వల్లించడం చూసి క్యాంబెల్ విసుక్కున్నాడు. ఆయన లెక్కించిన 6,641 మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా దాదాపు పది లక్షలు. పేదరికం వల్ల తల్లిదండ్రులు పిల్లలను మధ్యలోనే మాన్పించి పనికి పంపుతున్నారని కూడా ఆయన రాశాడు. అరచేతిలో సరస్వతి రాయించుకోవడానికి ముందుగా నిద్రలేస్తే చాలదు, బడి గడప తొక్కనివ్వాలి. అలవాట్లు మార్చుకుంటే ఎవరైనా గెలుస్తారని ఊదరగొట్టేవాళ్లు దాటేసే సంగతి ఇది.

పలక ఆ గడప దాటనివాళ్ల చేతికి చేరడానికి చాలా కాలం పట్టింది. పొరుగున నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం సాగింది. పగలంతా కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాలు దిద్దారు. దూబగుంటలో ఆ చదువు నుంచే సారా మీద తిరుగుబాటు లేచి, 1992 నాటికి జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. పెద్ద వయసులో ఓనమాలు దిద్దితే ఇక ఏం ఒరుగుతుందని అడిగినవాళ్లకు అంత త్వరగా జవాబు దొరికిన సందర్భాలు అరుదు.

రాయి కోసేవాళ్ల వైపు చూస్తే మాటలు మెత్తగా రావు. పలకరాయిలో సిలికా ఉంటుంది. కోత మిషన్ల దగ్గర లేచే సన్నటి పొడి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చేది మందుతో పోయే జబ్బు కాదు. బలపాల తయారీకి పేరుపడ్డ మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో ఇది ఎంత ప్రాణాంతకమైందంటే, 1982లో ఆ రాష్ట్రం బలపాల కార్మికుల సంక్షేమ నిధికి ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. నీళ్లు చల్లుతూ కోయడం, పొడిని పీల్చేసే గొట్టాలు పెట్టడం తెలియని విద్యలేం కావు, ఖర్చుతో కూడినవి.

నోటుపుస్తకం చవకయ్యాక, రేకు పలక, ప్లాస్టిక్ పలక వచ్చాక రాతిపలకకు గిరాకీ పడిపోయింది. గనులు మూతపడలేదు, సరుకు మారింది. అదే రాయి ఇప్పుడు నేలకు పరిచే బండగా, గోడకు అతికించే టైలుగా, కప్పు మీది పెంకుగా విదేశాలకు పోతోంది. వాయవ్య వేల్స్‌లోని పలకరాయి గనుల ప్రాంతాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడ గుండ్లకమ్మకు కట్టిన కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు దక్కింది. ఆ చెరువుకు కాస్త దూరంలో, తరాల తరబడి తెలుగు పిల్లలు దిద్దిన రాయిని తవ్విన గుంతలకు అలాంటి బోర్డేమీ లేదు. అక్షరాభ్యాసానికి మాత్రం రాతిపలకే కావాలని అడిగి కొనేవాళ్లు ఇంకా ఉన్నారు.