ఏ తేదీ నుంచి భార్య?

అమెరికా సైన్యం 1802 నాటి చట్టంలో కొంతమంది ఆడవాళ్లకి చోటిచ్చింది. కంపెనీకి నలుగురికి మించకుండా వాళ్లకి రోజూ రేషను ఇవ్వొచ్చంది. సైనికుల బట్టలుతకడం వాళ్ల పని. ఉతికినందుకు నిర్ణయించిన కూలి, తలదాచుకోవడానికి చోటు, జబ్బు చేస్తే సైనిక డాక్టరు వైద్యం. వాళ్లలో చాలామంది మామూలు సిపాయిల భార్యలే. కానీ ఆ డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూసింది భార్య అయినందుకు కాదు, బట్టలుతుకుతున్నందుకు. ఆఫీసరు భార్యకి మాత్రం నిబంధనల్లో ఏ హోదా లేదు. ఆవిడకి దొరికే వైద్యం డాక్టరు మంచితనం మీద, భర్త పరపతి మీద ఆధారపడేది.

ఈ చరిత్ర నేను వెతుక్కుంటూ వెళ్లింది ఒక ఫోను వల్ల. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇప్పుడు అమెరికాలో ఉంటోంది. ఆమె చేసుకోబోయే అబ్బాయి అక్కడి సైన్యంలో ఆఫీసరు శిక్షణకి ఎంపికయ్యాడు. చదువైపోవడంతో ఈమెకి యూనివర్సిటీ ఇచ్చిన ఆరోగ్య బీమా నెలాఖరుకి ముగుస్తోంది. ఇంట్లోవాళ్లు అతని శిక్షణ అయ్యాక వచ్చే ముహూర్తం చూశారు. అతని స్నేహితులేమో వెళ్లేలోపే కోర్టులో సంతకాలు పెట్టెయ్యమంటున్నారు. "మేడమ్, అది పెళ్లవుతుందా, ఇన్సూరెన్స్ కాగితమవుతుందా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ ఆ ప్రశ్నలో నవ్వులాట లేదు. భార్య ఒంటికి జబ్బు చేస్తే చూడాల్సిన బాధ్యత సైన్యానికి ఎందుకొచ్చింది, ఎప్పటినుంచి వచ్చింది అని నేను చదవడం మొదలుపెట్టాను.

1878లో కాంగ్రెస్, బట్టలుతికే స్త్రీలు ఇక దళాల వెంట వెళ్లకూడదంది. ఆరేళ్ల తర్వాత, 1884 జులైలో మరో చట్టం వచ్చింది. ఆఫీసర్ల, సైనికుల కుటుంబాలకి సైనిక డాక్టర్లు వీలైనప్పుడల్లా ఉచితంగా వైద్యం చెయ్యాలని దాని సారాంశం. ఈ రెండు తేదీలనీ పక్కపక్కన పెట్టి చూడండి. పనిచేసి సంపాదించుకున్న వైద్యం పోయింది. దాని స్థానంలో పెళ్లి ద్వారా వచ్చే వైద్యం వచ్చింది, అదీ "వీలైతే" అన్న షరతు మీద. ఆ షరతు 70 ఏళ్లకి పైగా నిలిచింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ షరతు బోలుతనం బయటపడింది. కొత్తగా సైన్యంలోకి తీసుకున్న లక్షలాది మంది మగవాళ్ల భార్యల్లో గర్భవతులున్నారు. సిపాయి జీతంతో ప్రసవం ఖర్చు భరించలేరు. సైనిక ఆస్పత్రుల్లో చోటు లేదు. 1943 మార్చిలో అత్యవసర ప్రసూతి, శిశు సంరక్షణ పథకం మొదలైంది. దాన్ని నడిపింది సైన్యం కాదు, ఆడవాళ్లు సారథ్యం వహిస్తున్న చిల్డ్రన్స్ బ్యూరో. క్యాథరిన్ లెన్‌రూట్ దాని అధిపతి. పథకం రూపకల్పనలో డాక్టర్ మార్తా ఎలియట్‌ది ముఖ్యపాత్ర. ఆస్తి, ఆదాయం లెక్కలడగకుండా, కింది నాలుగు హోదాల సైనికుల భార్యలకి ప్రసవం, పుట్టిన బిడ్డకి ఏడాదిపాటు వైద్యం ఇచ్చారు. పథకం ముగిసేసరికి దాని కింద వైద్యం అందుకున్న తల్లులు 12 లక్షల పైమాటే. అంత పెద్ద ప్రభుత్వ ప్రసూతి పథకం ఆ దేశంలో అంతకుముందు లేదు. యుద్ధం ముగిసింది, పథకాన్నీ ముగించారు. ఆడవాళ్లు పిల్లల్ని కనడం మాత్రం ఆగలేదు.

1956లో ఆధారితుల వైద్య సంరక్షణ చట్టం వచ్చింది. ఆధారితులు, అంటే డిపెండెంట్లు. సైన్యంలో పనిచేసే వాళ్ల భార్యాబిడ్డలకి బయటి ఆస్పత్రుల్లో కూడా వైద్యం పొందే దారి దీనితోనే ఏర్పడింది. 1966లో అది విస్తరించింది. 1990లలో ట్రైకేర్ అన్న పేరు తెచ్చుకుంది. అయితే చట్టం తన లక్ష్యాన్ని తానే చెప్పుకుంది: సైనిక బలగాల మనోస్థైర్యాన్ని పెంచడం, నిలపడం. భార్య జ్వరం తగ్గితే భర్త నిబ్బరంగా తుపాకీ పట్టుకుంటాడన్నమాట. ఆమె ఆరోగ్యం ఆమెకోసం అన్న ఊహ ఆ వాక్యంలో లేదు.

ఆ చట్టం లోపలి తర్కాన్ని బయటికి లాగింది ఒక మహిళా ఆఫీసరు. షారన్ ఫ్రాంటియెరో వైమానిక దళంలో లెఫ్టినెంట్. అలబామా రాష్ట్రంలో మాక్స్‌వెల్ స్థావరం ఆస్పత్రిలో ఫిజికల్ థెరపిస్టు. 1969 చివర్లో జోసెఫ్‌ని పెళ్లి చేసుకుంది. అతను కాలేజీలో చదువుకుంటున్నాడు. వివాహితులకిచ్చే ఇంటి భత్యం, భర్తకి వైద్యం ఇమ్మని అడిగితే కుదరదన్నారు. మగ ఆఫీసరు భార్య ఎంత సంపాదిస్తున్నా సరే, అడగకుండానే ఆధారితురాలు. మహిళా ఆఫీసరు భర్త మాత్రం తన ఖర్చులో సగానికి మించి భార్యే భరిస్తోందని రుజువు చెయ్యాలి. జోసెఫ్ నెల ఖర్చు సుమారు 354 డాలర్లు. మాజీ సైనికుడిగా అతనికి వచ్చేది 205 డాలర్లు. సగానికి పైగా తనే భరించుకుంటున్నాడు కాబట్టి ఆధారితుడు కాడు. ఒకే ఉద్యోగం, ఒకే హోదా. ఆమె సంసారానికి మాత్రం తక్కువ విలువ.

కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1973 జనవరిలో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఆ కోర్టులో మొట్టమొదటిసారి వాదించింది ఈ కేసులోనే. భార్యలందరి లెక్కలూ విడివిడిగా చూడటం ఖర్చుతో కూడిన పని అన్నది ప్రభుత్వ సమర్థన. 1973 మే 14న ఎనిమిది మంది జడ్జీలు ఫ్రాంటియెరో పక్షాన, ఒక్కరు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. వాళ్లలో నలుగురు, జాతి వివక్షని ఎంత కఠినంగా పరీక్షిస్తామో లింగ వివక్షనీ అంతే కఠినంగా పరీక్షించాలన్నారు. ఐదో ఓటు దొరికుంటే అదే రాజ్యాంగ సూత్రమయ్యేది. ఆ ఒక్క ఓటు దొరకలేదు.

వివక్ష ఒకటి పోయింది గానీ పదజాలం పోలేదు. ఇవాళ్టికీ ట్రైకేర్ రికార్డుల్లో సైన్యంలో ఉన్న మనిషి "స్పాన్సర్", జీవిత భాగస్వామి "డిపెండెంట్". పెళ్లి సర్టిఫికెట్ చూపించి భార్య పేరు నమోదు చేయించాల్సింది స్పాన్సరే. స్వలింగ జంటలకి ఈ తలుపు తెరుచుకున్నది 2013లో, సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక. డిపెండెంట్ అన్న మాట మన ఇళ్లకి కొత్తది కాదు. హెచ్4 వీసా మీద వెళ్లిన ఎందరో తెలుగు ఆడపిల్లలు ఇంజనీరింగ్ పట్టాలు పెట్టెలో పెట్టుకుని ఆ మాటని ఏళ్ల తరబడి మోశారు. 2015 నుంచి వాళ్లలో కొందరికే పనిచేసే అనుమతి దొరికింది.

ఇక తేదీ విషయం. ఉద్యోగంలో ఉన్న సైనికుడి భార్యకి పెళ్లిరోజు నుంచే వైద్యానికి అర్హత ఉంటుంది. శిక్షణకి వెళ్లేముందే పెళ్లయితే, అతను ముప్పై రోజులకి మించిన క్రియాశీల సేవలో చేరిన మొదటి రోజు నుంచి వస్తుంది. పైకి చూస్తే కొద్ది నెలల తేడా. అసలు తేడా ఇరవై ఏళ్ల తర్వాత కనిపిస్తుంది. 1981లో సుప్రీంకోర్టు, సైనిక పింఛను విడాకుల్లో పంచవలసిన ఆస్తి కాదంది. ఊరూరూ మారుతూ, సొంత ఉద్యోగాలు వదులుకుంటూ సంసారాలు ఈదిన భార్యలు నడివయసులో ఏమీ లేకుండా మిగిలారు. వాళ్ల ఆందోళనకి కాంగ్రెస్‌లో ప్యాట్ ష్రోడర్ గొంతు తోడైంది. 1982లో చట్టం మారింది. రాష్ట్రాల కోర్టులు పింఛను పంచొచ్చు. విడాకులు తీసుకున్న భార్యకి వైద్యం కొనసాగాలంటే మూడు ఇరవైలు కావాలి: ఇరవై ఏళ్ల పెళ్లి, పింఛనుకి లెక్కకొచ్చే ఇరవై ఏళ్ల సర్వీసు, ఆ రెండూ కలిసి నడిచిన ఇరవై ఏళ్లు.

మూడో ఇరవై దగ్గర తేదీ మాట్లాడుతుంది. సర్వీసులో చేరడానికి ముందే పెళ్లయితే అతని సర్వీసంతా ఆమె లెక్కలోకీ వస్తుంది. చేరిన మూడు నెలలకి పెళ్లయి, అతను సరిగ్గా ఇరవై ఏళ్లకి రిటైరైతే ఆమెకి మూడు నెలలు తక్కువ. ఆ మూడు నెలలూ ఆమె శాశ్వత వైద్య హక్కుని మింగేస్తాయి. మూడు ఇరవైలు నిండిన ఆవిడ కూడా మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ వైద్యం పోతుంది. ఉద్యోగంలో చేరి యజమాని ఇచ్చే బీమా తీసుకుంటే దానితో అర్హత ఉండదు. ఇరవై ఏళ్ల చాకిరీకి గుర్తింపు ఇచ్చినట్టే ఇచ్చి, ఆమె ఒంటరిగానే ఉందా, కొత్త తోడు దొరికిందా అని కాపలా కాస్తుంది చట్టం.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. కాగితం అవమానం కాదనీ, ముహూర్తం ఎప్పుడు పెట్టుకున్నా సంతకం తేదీనే సైన్యం గుర్తు పెట్టుకుంటుందనీ చెప్పాను. సంతకాలు ముందే పెట్టుకున్నారు.

మన దేశం సైన్యంలో పెళ్లి తేదీ మరో రకంగా పనిచేసింది. మిలటరీ నర్సింగ్ సర్వీసుకి ఎంపికైన సెలీనా జాన్ 1985లో లెఫ్టినెంట్‌గా సికింద్రాబాద్ మిలటరీ ఆస్పత్రిలో చేరింది. 1988లో ఒక సైనికాధికారిని పెళ్లి చేసుకుంది. ఆ ఏడే ఆమెని ఉద్యోగం నుంచి తీసేశారు. పెళ్లి చేసుకున్న నర్సుని తొలగించొచ్చన్న 1977 నాటి ఆదేశం 1995 దాకా అమల్లో ఉంది. ఆఫీసరు భార్యగా సైనిక ఆస్పత్రిలో వైద్యం పొందే అర్హత ఆ పెళ్లితో వచ్చింది, అక్కడ వైద్యం చేసే ఉద్యోగం ఆ పెళ్లితోనే పోయింది. 2024 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు ఆ నిబంధన లింగ వివక్ష అని తేల్చి 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి 36 ఏళ్లు గడిచిపోయాయి.

సైనిక కుటుంబాల చరిత్ర రాసేవాళ్లు భార్యల త్యాగాల గురించి చాలా రాశారు. త్యాగం అన్న మాటకి లెక్క అక్కర్లేదు, అందుకే అది చవక. బట్టలుతికిన స్త్రీకి కంపెనీ పుస్తకంలో రేషను లెక్క ఉండేది. ఇల్లు కట్టి, విప్పి, మళ్లీ కట్టి, పిల్లల బడులు మార్చి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషికి రాత్రిళ్లు కాపలా కాసిన భార్య పని ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నది ఒక్క పెళ్లి తేదీ. ఆమె చేసిన పనిని ఆమె పేరనే లెక్క రాసే చట్టం రావాలి. అంతవరకూ ఆ ఒక్క తేదీనైనా మన ఆడపిల్లలు కళ్లు తెరిచి వేసుకోవాలి.