వాస్తవిక చిత్రకళలో బాల్యస్మృతి : విన్‌స్లో హోమర్ ‘స్నాప్ ది విప్’

1. ఉపోద్ఘాతం:
వాస్తవిక చిత్రకారుడు కంటికి కనిపించినదానినే చిత్రిస్తాడని, గతాన్ని మమకారంతో తలచుకోవడం కాల్పనికుల లక్షణమని ఒక అభిప్రాయం ఉంది. బాల్యం వస్తువైనప్పుడు ఈ విభజన నిలవదు. చిత్రించేవాడు పెద్దవాడు, అతని బాల్యం అప్పటికే గడిచిపోయినది. అమెరికన్ చిత్రకారుడు విన్‌స్లో హోమర్ (1836-1910) 1872లో చిత్రించిన ‘స్నాప్ ది విప్’ ఇందుకు నిదర్శనం.

2. చారిత్రక నేపథ్యం:
బోస్టన్‌లో జన్మించిన హోమర్, అంతర్యుద్ధకాలంలో (1861-65) ‘హార్పర్స్ వీక్లీ’ పత్రిక కోసం సైనిక శిబిరాల జీవితాన్ని బొమ్మలుగా గీశాడు. ఆరు లక్షలకు పైగా సైనికులను బలిగొన్న యుద్ధమది. 1870ల్లో అతని దృష్టి పల్లెపిల్లల మీదికి మళ్లింది. అప్పటికి జనం పల్లెలు విడిచి నగరాలకు తరలుతున్నారు. ఒంటిగది పల్లెబడి నగరవాసులకు క్రమంగా జ్ఞాపకంగా మారుతున్నది. 1873 సెప్టెంబరులో ఈ దృశ్యం చెక్కమీద చెక్కి అచ్చువేసిన బొమ్మగా అదే పత్రికలో వెలువడింది.

3. చిత్ర పరిశీలన:
ఎర్రని బడి ముందరి పచ్చికలో బాలురు చేతులు కలిపి వరుసగా పరుగెత్తుతున్నారు. ఒక కొసనున్నవారు హఠాత్తుగా ఆగితే, ఆ ఊపుకు రెండవ కొసనున్నవారు విసిరివేయబడతారు. ఇదే ఆట. వట్టి పాదాలు, భుజాలపై పట్టీలు, ఎండ నీడలు అన్నీ నిశితంగా చిత్రితమయ్యాయి. అయితే ఈ చిత్రానికి రెండు రూపాలున్నాయి. ఓహాయో రాష్ట్రం యంగ్‌స్టౌన్‌లోని బట్లర్ సంస్థలో ఉన్న పెద్ద చిత్రంలో బడి వెనుక కొండలున్నాయి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలోని చిన్న చిత్రంలో ఆ చోట ఆకాశం ఉంది. ఒకే క్షణానికి రెండు నేపథ్యాలు! పిల్లల కదలికలో పరిశీలన ఉంది. వారు నిలిచిన లోకంలో ఎంపిక ఉంది. స్మృతి పని చేసేదీ ఈ తీరుగానే.

4. గొలుసు తెగే క్షణం:
పట్టుకున్న చేతులను యుద్ధానంతర జాతీయ ఐక్యతకు సంకేతంగా వ్యాఖ్యానించినవారున్నారు. కానీ గొలుసు తెగడమే ఈ ఆట పరమార్థం. చిత్రంలో ఎడమవైపు ఇద్దరు బాలురు ఇప్పటికే పట్టుతప్పారు. హోమర్ ఆ పతనాన్ని దాచలేదు. అందుచేత ఇందులోని గతస్మృతి ఓదార్పు మాత్రమే కాదు. విడిపోవడం తప్పదన్న ఎరుక కూడా.

5. ముగింపు:
వివరాల కచ్చితత్వం గతంపై మమకారానికి విరుగుడు కాదు. ఆ మమకారాన్ని నమ్మదగినదిగా చేసే సాధనం. కనుక బాల్యాన్ని చిత్రించిన వాస్తవిక కృతిని, అది చిత్రమైనా రచనైనా, కేవలం సామాజిక పత్రంగా చదవడం చాలదు. అందులో ఏది నిలిపారు, ఏది తొలగించారు అన్న ప్రశ్నతో పరిశోధన మొదలుకావాలి.